స్టార్టర్ క్లచ్ ఇంట్లో విప్పొచ్చా, మెకానిక్‌కే ఇవ్వాలా?

ఉప్పల్ రైడర్:
నాది 350 సీసీ సింగిల్ సిలిండర్ బండి, కిక్ లేదు. సెల్ఫ్ కొడితే మోటార్ గిర్రున తిరుగుతుంది, ఇంజన్ కదలదు. ఒక్కోసారి టక్కున పట్టుకుని స్టార్టవుతుంది. సెల్ఫ్ మోటార్ తిప్పుడుని ఇంజన్‌కి అందించే స్టార్టర్ క్లచ్ పోయిందన్నాడు మెకానిక్. ఇంట్లోనే మార్చుకుందామని ఉంది. ఏమంటారు?

మల్కాజిగిరి బాబాయ్:
వద్దు తమ్ముడూ. కవర్ ఎవరైనా విప్పుతారు. క్లచ్‌ని అందుకోవాలంటే లోపలున్న మ్యాగ్నెట్ రోటర్, అంటే అయస్కాంతాలున్న చక్రం, ఊడదీయాలి. అది క్రాంక్ మీద బిగుసుకుని ఉంటుంది. సుత్తితో కొట్టావంటే అయస్కాంతాలు పగులుతాయి. మజూరీ మిగుల్చుకోబోయి రోటర్ కొనుక్కోవాల్సి వస్తుంది.

సికింద్రాబాద్ స్పానర్:
సుత్తి గురించి బాబాయ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. అందుకే రోటర్‌ని మరతో లాగి ఊడదీసే పుల్లర్ కొనమంటాను. రాణిగంజ్‌లో మోడల్ పేరు చెప్పి, మర సరిపోయేది తీసుకోండి.

నన్నడిగితే ఈ పని ఇంట్లోనే బాగా కుదురుతుంది. రద్దీగా ఉండే షాపులో రోలర్లు, స్ప్రింగులు మార్చి మూసేస్తారు. అసలు చూడాల్సింది స్టార్టర్ గేరుకున్న నున్నటి కాలర్‌ని. మోటార్ తిప్పినప్పుడు రోలర్లు దాన్నే కరిచి పట్టుకుంటాయి, ఇంజన్ అందుకోగానే వదిలేస్తాయి. కాలర్ మీద గోరుతో అడ్డంగా గీసి చూడండి. గోరు ఎక్కడైనా ఆగిందంటే అక్కడ గాడి పడినట్టే. గేరు మార్చకుండా కొత్త రోలర్లు ఎన్ని వేసినా మళ్లీ జారతాయి.

బిగించేటప్పుడు క్లచ్ బోల్టుల మరలు శుభ్రంగా తుడిచి, అవి వదులవకుండా పట్టే జిగురు లాక్‌టైట్ పెట్టండి. రోటర్ లోపలికి వాషర్లు, ఇనుప రజను అతుక్కుంటాయి, వేలితో తడిమి చూశాకే ఎక్కించండి. గాస్కెట్ కొత్తది వేయండి.

మల్కాజిగిరి బాబాయ్:
బోల్టు ఎంత బిగించామో కొలిచే టార్క్ రెంచి ఎంతమంది దగ్గరుంటుంది? ఆ బోల్టుల్లో ఒకటి వదులై ఊడితే లోపల జరిగే విధ్వంసం నేను చూశాను. గోరు పరీక్ష మంచిదే. అది మెకానిక్ పక్కన నిలబడి కూడా చేయొచ్చు.

అమీర్‌పేట్ వోల్ట్:
బ్యాటరీ ఊసు ఎవరూ ఎత్తలేదేంటి? బ్యాటరీ నీరసంగా ఉంటే క్రాంక్ మెల్లగా తిరుగుతుంది, ఒక్కోసారి ఇంజన్ వెనక్కి తంతుంది. ఆ దెబ్బ నేరుగా ఈ రోలర్లకే. మీటర్ పెట్టి చూడండి. నిండా చార్జ్ ఉంటే, బండి ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టుల పైనే చూపించాలి. తర్వాత సెల్ఫ్ కొడుతూ చూడండి. క్లచ్ జారుతున్నప్పుడు మోటార్‌కి బరువుండదు కాబట్టి ఆ రీడింగ్ నమ్మొద్దు, పట్టుకున్న క్షణంలో చూడండి. 10 కిందకి పడితే ముందు బ్యాటరీ సంగతి తేల్చుకోండి. లేదంటే కొత్త క్లచ్‌కీ ఇదే గతి.

ఉప్పల్ రైడర్:
చూశాను. ఊరికే ఉన్నప్పుడు 12.1, పట్టుకున్నప్పుడు 9.3. ముందు బ్యాటరీ మారుస్తాను. పుల్లర్ కొంటాను గానీ టార్క్ రెంచి లేకుండా రోటర్ ముట్టుకోను, అందులో బాబాయ్ మాటే వింటాను. ఉప్పల్ చుట్టుపక్కల ఎవరైనా ఒక రోజుకి ఇస్తారా?