డిజాస్టర్ అనే మాట ఇంగ్లీషులో ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వాడకూడదు?

కాకినాడ_కుర్రాడు:
అందరికీ నమస్కారం. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో సపోర్ట్ పని. పోయిన వారం నైట్ షిఫ్టులో సర్వర్ నలభై నిమిషాలు ఆగిపోయింది. క్లయింటుకి మెయిల్ నేనే రాయాల్సి వచ్చింది. టెన్షన్‌లో "డిజాస్టర్ హ్యాపెన్డ్ లాస్ట్ నైట్, సిట్యుయేషన్ వాజ్ వెరీ డిజాస్టర్" అని రాసి పంపేశాను. తెల్లారేసరికి వాళ్ళు ఫోన్ చేసి డేటా మొత్తం పోయిందా అని అడిగారు. మా లీడ్ తిట్టలేదు గానీ "అది డిజాస్టర్ కాదు, అవుటేజ్" అన్నారు, అంటే సర్వీసు కాసేపు ఆగిపోవడం. అప్పట్నుంచి ఆ మాట రాయాలంటే చెయ్యి ఆడట్లేదు. సినిమా పోయినా, పరీక్ష పోయినా మనం డిజాస్టర్ అనే అంటాం కదా, ఇంగ్లీషువాళ్ళు అలా అనరా? కెటాస్ట్రఫీ, కెలామిటీ, ట్రాజెడీ వీటికీ దీనికీ తేడా ఏంటి? డిక్షనరీలో చూస్తే ఇంచుమించు అన్నిటికీ విపత్తు అనే ఉంది.

తెనాలి_మాస్టారు:
బాబూ, మీ మెయిల్లో ఉన్నవి రెండు రకాల తప్పులు, వాటిని కలిపి చూడకండి. ఒకటి వ్యాకరణం. డిజాస్టర్ నామవాచకం, దాని ముందు వెరీ రాదు. మనం తెలుగులో "పరిస్థితి చాలా ఘోరం" అంటాం, ఆ ఘోరం తీసేసి అక్కడ డిజాస్టర్ పెట్టేస్తాం, అందుకే ఇది మనవాళ్ళ దగ్గర అంత ఎక్కువ. "ఇట్ వాజ్ ఎ డిజాస్టర్" అనాలి, లేదా విశేషణం కావాలంటే "ఇట్ వాజ్ డిజాస్ట్రస్". ఆ విశేషణం రాసేటప్పుడు టి తర్వాత ఇ ఉండదు, వెంటనే ఆర్ వస్తుంది. ముప్పై ఏళ్ళు పేపర్లు దిద్దాను, ఈ ఒక్క అక్షరం మీద ఎన్ని ఎర్ర గీతలు పెట్టానో లెక్కలేదు.

ఇక ముందు "ఎ" ఉండాలా వద్దా అన్నది. ఫలానా ఒక సంఘటన గురించి చెప్తుంటే ఉండాలి. కానీ "డిజాస్టర్ స్ట్రక్" అన్నప్పుడు అక్కర్లేదు, పిడుగులా వచ్చి పడిందని అర్థం, హ్యాపెన్డ్ కంటే అక్కడ స్ట్రక్కే సహజం. "రెసిపీ ఫర్ డిజాస్టర్" కూడా అంతే. నిద్ర లేని డ్రైవరు, అరిగిపోయిన టైర్లు, రాత్రిపూట ఘాట్ రోడ్డు, ఇవన్నీ ఒకచోట చేరితే ఆ మాట వాడతారు, అంటే ఇంకా ఏమీ జరగలేదు, జరగడానికి మాత్రం అన్నీ సిద్ధంగా ఉన్నాయని. రెండో తప్పు మాట బరువుకి సంబంధించింది, అది ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు బాగా చెప్తారు.

డల్లాస్_అక్క:
తమ్ముడూ, ఇంగ్లీషువాళ్ళు అనరా అన్నావు, అంటారు, రోజూ అంటారు. మా పక్కింటావిడ తలుపు తీస్తూనే "ప్లీజ్ డోంట్ లుక్, మై కిచెన్ ఈజ్ ఎ డిజాస్టర్" అంటుంది, చూస్తే సింకులో నాలుగు గిన్నెలు, స్టవ్ పక్కన కాస్త టమాటా సాస్. "ది ఇంటర్వ్యూ వాజ్ ఎ టోటల్ డిజాస్టర్" అన్నా తప్పేం లేదు. ఎవరి వంటిల్లో, ఎవరి ఇంటర్వ్యూనో వినేవాళ్ళకి తెలుసు కాబట్టి ఎవరూ కంగారుపడరు.

మన ఐటీలో మాత్రం ఆ మాట మామూలు మాట కాదు. డిజాస్టర్ రికవరీ అని విడిగా ప్లాన్ ఉంటుంది, డీఆర్ డ్రిల్ చేస్తారు, అంటే డేటా సెంటర్ మొత్తం మునిగినా, కాలిపోయినా ఇంకో ఊళ్ళోంచి నడపడానికి. మీ క్లయింటు అదే అనుకుని ఉంటారు, వాళ్ళ కంగారులో తప్పు లేదు. ఇంకోసారి ఇలా రాయి: "వియ్ హ్యాడ్ ఎ ఫార్టీ మినిట్ అవుటేజ్ లాస్ట్ నైట్. నో డేటా వాజ్ లాస్ట్." ఆ రెండో వాక్యం కోసమే వాళ్ళు మెయిల్ తెరుస్తారు.

వైజాగ్_వాసి:
బరువు గురించి నేను చెప్తాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మేం విశాఖలోనే ఉన్నాం. మర్నాడు పొద్దున తలుపు తీస్తే వీధిలో చెట్టన్నది నిలబడి లేదు, నిలబడ్డ ఒకటీ అరా వాటికి ఆకు లేదు, ఎప్పుడూ పచ్చగా ఉండే కైలాసగిరి కొండ మాడిపోయినట్టు గోధుమరంగులో ఉంది. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు. అప్పుడర్థమైంది నాకు ఆ మాట. మన 2005 విపత్తుల నిర్వహణ చట్టంలో డిజాస్టర్‌కి ఇచ్చిన నిర్వచనంలో ఒక ముక్క ఉంది, ఆ ప్రాంత జనం తట్టుకునే శక్తికి మించినదై ఉండాలని. నాకు అంతకంటే మంచి కొలత కనపడలేదు. నలభై నిమిషాల్లో మీరే సరిచేసుకున్నారు కాబట్టి అది డిజాస్టర్ కాదు.

దివిసీమ_మనవడు:
మాది అవనిగడ్డ దగ్గర. 1977 నవంబర్ 19 తుపానుకి వేలమంది పోయారు, మా వైపు దాన్ని తుపాను అనరు, ఉప్పెన అంటారు. నేను ఇంగ్లీషులో చాలా కాలం "టైడల్ వేవ్" అని రాసేవాణ్ణి. అది సరికాదు, తుపాను గాలి తోసుకొచ్చే సముద్రాన్ని "స్టార్మ్ సర్జ్" అనాలి, ఆటుపోట్లతో అది పుట్టదు, సునామీ అంతకన్నా కాదు. మనకి ఉప్పెన అనే కచ్చితమైన మాట ఉన్నప్పుడు ఇంగ్లీషులోనూ కచ్చితమైనదే వెతుక్కోవాలని నాకు పట్టుదల.

ఇంకో మాట. ఆ ఉప్పెనలో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు నేను ట్రాజెడీ అంటాను. డిజాస్టర్ అంటే ఊరికి జరిగిన నష్టం వినపడుతుంది, ట్రాజెడీ అంటే ఆ ఇంటి దుఃఖం. 1984 భోపాల్‌ని కూడా మనవాళ్ళు గ్యాస్ ట్రాజెడీ అనే ఎక్కువ అంటారు.

తెనాలి_మాస్టారు:
మిగిలిన రెండూ నేను చెప్పేస్తాను. కెటాస్ట్రఫీ డిజాస్టర్ కంటే పెద్దది, అంతా తలకిందులవడం, గ్రీకులో దాని మూలార్థమూ అదే. పలికేటప్పుడు ఒత్తు "టా" మీద, చివర "ఫీ" వినపడాలి, చాలామంది కేటస్ట్రోఫ్ అంటారు. కెలామిటీ మన సర్కారు కాగితాల్లో బాగా కనిపిస్తుంది, "నేచురల్ కెలామిటీ" అని. మామూలు మాటల్లో "నేచురల్ డిజాస్టర్" అనండి చాలు.

కాకినాడ_కుర్రాడు:
అందరికీ చాలా థాంక్స్. ప్రయత్నిస్తున్నాను, చూడండి: "మై ఫస్ట్ మెయిల్ వాజ్ ఎ డిజాస్టర్. ది అవుటేజ్ వాజ్ నాట్ డిజాస్టర్."

తెనాలి_మాస్టారు:
మొదటిది బాగుంది. రెండోదాంట్లో "నాట్" తర్వాత "ఎ" పెట్టండి.