చిటోసాన్ ఫిల్మ్ కడిగితే జోన్ మాయమైతాంది, ఎక్కడ తప్పు చేస్తాన?

కాజీపేట_కుర్రోడు:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తాన, గాయాల మీద వేసే డ్రెస్సింగ్ కోసం బ్యాక్టీరియాను చంపే పాలిమర్ ఫిల్మ్ తయారు చేసుడు టాపిక్. చిటోసాన్‌ను (రొయ్యల పొట్టు నుంచి తీసే పాలిమర్) 1 శాతం ఎసిటిక్ యాసిడ్‌ల (వెనిగర్‌ల ఉండేదే) రాత్రంత తిప్పి కరిగించిన, పీవీఏను (పాలీవినైల్ ఆల్కహాల్, నీళ్లల్ల కరిగే పాలిమర్) వేరేగ వేడినీళ్లల్ల కరిగించి రెండు కలిపి పెట్రీ డిష్‌ల పోసి ఆరబెట్టిన. ఫిల్మ్ మంచిగ నున్నగ వచ్చింది. బిళ్లలు కోసి స్టఫైలోకాకస్ బ్యాక్టీరియా పూసిన ప్లేటు మీద పెడితే చుట్టూ పెద్ద జోన్ (బ్యాక్టీరియా పెరగని ఖాళీ జాగ), చూసి మా ల్యాబుల అందరు ఖుష్. గని ఫిల్మ్ దగ్గర్నుంచి వెనిగర్ వాసన వస్తాంది, గిది పుండు మీద పెడితే మంట పుట్టదా అని మా మేడం అడిగితే సోడియం హైడ్రాక్సైడ్‌ల ముంచి నీళ్లతోని మూడు నాలుగు సార్లు కడిగిన. ఇగ అంతే, జోన్ మాయం. బొత్తిగ సున్నా. మూడుసార్లు చేసిన, అదే కత. సిల్వర్ నానో కలుపు, జోన్ దానంతటదే వస్తది అంటాండు మా దోస్తు. ఇంకో నెల రోజులల్ల రిపోర్ట్ పెట్టాలె, జర చెప్పండి అన్నలు.

పాలిమర్_పెద్దన్న:
తమ్మీ నువ్వు తప్పేం చెయ్యలే, కడిగినంక వచ్చిందే అసలు రిజల్టు. ముందు వచ్చిన జోన్‌ల సగం పేరు యాసిడ్‌ది. ఆరబెట్టినా ఎసిటిక్ యాసిడ్ మొత్తం పోదు, చిటోసాన్‌ల ఉన్న అమైన్ గ్రూపుల్ని పట్టుకొని ఉప్పు లెక్క కూసుంటది, తడి తగలంగనే ఆ ఫిల్మ్ ఉబ్బి కొంత కరుగుతది, యాసిడూ చిటోసాన్ ముక్కలూ కలిసి ప్లేటుల ఉన్న అగర్ జెల్లీలకు దిగుతయి. నమ్మకం లేకుంటే క్లియర్ అయిన జాగల పీహెచ్ పేపర్ (యాసిడ్ ఎంతుందో చూపే కాగితం) అద్ది చూడు. ఇంకోటి, కాగితం బిళ్లను అదే 1 శాతం యాసిడ్‌ల ముంచి పక్కన పెట్టు. ఈ కంట్రోల్ (పోల్చి చూసే బిళ్ల) లేకుండ చిటోసాన్ జోన్ ఫొటోలు వేసిన పేపర్లు చూసి చూసి నాకు విసుగొచ్చింది, నిజం చెప్తాన.

అసలు సంగతి పీహెచ్. చిటోసాన్ బ్యాక్టీరియాను చంపేది దాని ప్లస్ చార్జితోని, బ్యాక్టీరియా పైపొర మైనస్ కదా, అతుక్కొని పొరను చింపుతది. గని ఆ అమైన్‌కు పీహెచ్ 6.5 దాటితే చార్జి చాలావరకు పోతది. నువ్వు వాడిన ముల్లర్ హింటన్ అగర్ పీహెచ్ 7.3 దగ్గర ఉంటది. నెలల తరబడి మానని పుండ్లల్ల అయితే 7 నుంచి 9 దాకా కూడా పోతది. అంటే నీ ఫిల్మ్‌కు ఎక్కడ పని పడుతదో అక్కడనే దాని బలం తగ్గుతది. అందుకే చాలామంది చిటోసాన్‌కు క్వాటర్నరీ అమోనియం గ్రూపు తగిలిస్తరు, ట్రైమిథైల్ చిటోసాన్ అసొంటిది, దాని చార్జి పీహెచ్ ఏదైనా ఊడదు. ఎక్కువ తగిలిస్తే మన కణాల్ని కూడా చంపుతది, అది వేరే లొల్లి.

మైక్రో_అక్క:
పెద్దన్న చెప్పింది కరెక్టే గని ఇంకో మాట. జోన్ రాకుంటే మెటీరియల్ పనికిరాదు అనుకోకు. జోన్ రావాలంటే మందు బయటికి కారాలె. సిల్వర్ కారుతది, యాంటీబయాటిక్ కారుతది. పాలిమర్‌కే కెమికల్‌గ అతికిన గ్రూపు ఎక్కడికీ పోదు, తాకిన బ్యాక్టీరియానే చంపుతది, దానికి జోన్ ఎట్ల వస్తది? నువ్వు చేసేది తాసుతోని బట్ట కొలిచినట్టుంది.

ఐఎస్ఓ 22196 పద్ధతి (వస్తువు పైభాగం బ్యాక్టీరియాను ఎంత ఆపుతదో కొలిచే అంతర్జాతీయ పద్ధతి) చూడు: 5 సెంటీమీటర్ల చదరపు ముక్క మీద 0.4 మిల్లీలీటర్ల కల్చర్ వేసి, పైన 4 సెంటీమీటర్ల పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ కప్పి, 35 డిగ్రీల కాడ 24 గంటలు పెట్టి, కడిగి, ప్లేట్ చేసి లెక్కపెట్టుడే. కడిగే ద్రవంల లెసిథిన్, ట్వీన్ 80 ఉన్న న్యూట్రలైజర్ (మందు పనిని ఆపేది) తప్పనిసరి, లేకుంటే ప్లేటు మీదికి వచ్చినంక కూడా మందు పనిచేస్తనే ఉంటది, నీకు లేని రిజల్టు వస్తది. 99 శాతం చచ్చినయి అని రాసి మురిసిపోకు, పది లక్షలతోని మొదలుపెడితే 99 శాతం అంటే ఇంకా పదివేలు బతికున్నట్టే. లాగ్ రిడక్షన్‌ల రాయి, ఒక లాగ్ అంటే పదో వంతుకు తగ్గినట్టు. కుదిరితే కొంచెం సీరం (నెత్తురు గడ్డకట్టినంక మిగిలే ద్రవం) కలిపి కూడా చెయ్యి. పుండుల ప్రోటీన్లు ప్లస్ చార్జిని కప్పేస్తయి, ఉత్త నీళ్లల్ల 4 లాగ్ చూపించినవి సీరంల 1 కి పడిపోయినవి నేనే చూసిన.

మెట్‌పల్లి_రైతుబిడ్డ:
ఇంత కష్టం ఎందుకు తమ్మీ, మా దిక్కు పసుపు కలుపు 😀 అమెరికోళ్లు గాయాలకు పసుపు అని పేటెంట్ తీసుకుంటే మన సర్కారు పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ కొట్లాడి 1997ల రద్దు చేయించింది తెలుసా.

పాలిమర్_పెద్దన్న:
తెలుసు అన్నా, గని పసుపుల ఉండే కర్క్యుమిన్ నీళ్లల్ల కరగది, ఫిల్మ్‌ల గడ్డలు కడుతది. అదొక్కటే వేరే ప్రాజెక్టు అయితది.

డ్రెస్సింగ్_సిస్టర్:
మీ లెక్కలు నాకు సగం సమజ్ కాలే. పదేండ్లయి షుగర్ కాళ్లకు డ్రెస్సింగులు చేస్తాన, నాది ఒక్కటే ప్రశ్న: బాబూ నీ ఫిల్మ్ తడి పీల్చుకుంటదా? రసి ఎక్కువ కారే పుండు మీద పీల్చుకోని ఫిల్మ్ వేస్తే కింద చెరువు కట్టినట్టయితది, చుట్టూ తోలు తెల్లగ నానిపోయి పుండు ఇంకింత పెరుగుతది. అట్లని బాగ ఎండబెట్టినా కష్టమే, ఎండిన గాజుగుడ్డ తీసేటప్పుడు కొత్తగ వచ్చిన ఎర్ర కండ కూడా ఊడివస్తది, నెత్తురు, పేషెంట్ ఏడుపు. ఇంకోటి, చచ్చిన కండ తీసెయ్యకుండ, షుగర్ తగ్గించకుండ పైన ఎంత మంచి ఫిల్మ్ అతికించినా లాభం లేదు. బ్యాక్టీరియా దాని కింద జిగట పొర కట్టుకొని కూసుంటది.

మైక్రో_అక్క:
సిస్టర్ చెప్పిన జిగట పొరే బయోఫిల్మ్. పైన తాకి చంపే పాలిమర్ దాని లోపలికి పోలేదు, పైగా చచ్చిన బ్యాక్టీరియానే ఫిల్మ్ మీద పేరుకొని వెనక వచ్చేవాటికి అడ్డం పడుతది. కాబట్టి రిపోర్ట్‌ల 'ఇన్‌ఫెక్షన్ నయం చేస్తది' అని రాయకు, 'డ్రెస్సింగ్ మీద బ్యాక్టీరియా పెరగకుండ ఆపుతది' అని రాయి.

కాజీపేట_కుర్రోడు:
నాలుగు రోజులు ఆగి రాస్తాన, సారీ. పెద్దన్న చెప్పినట్టు పీహెచ్ పేపర్ అద్దిన, కడగని ఫిల్మ్ కింద 5 చూపించింది, కడిగిందాని కింద 7. యాసిడ్ కాగితం బిళ్లకు కూడా జోన్ వచ్చింది, చిన్నగ, మసకగ. అంటే మొత్తం యాసిడ్‌ది కాదు గని చానా వాటా దానిదే. అక్క చెప్పిన పద్ధతిల కడిగిన ఫిల్మ్ పెడితే ఒక లాగ్ కూడా తగ్గలే. మేడంకు చూపిస్తే ముందు మొఖం మాడ్చింది, తర్వాత ఈ కంట్రోల్‌నే మొదటి చాప్టర్ చెయ్యి అన్నది. సిల్వర్ కలుపుతలేను. సిస్టర్, నీళ్లల్ల పెడితే ఫిల్మ్ తన బరువుకు ఐదింతలు పీల్చింది, షుగర్ పుండుకు గది సరిపోతదా?

డ్రెస్సింగ్_సిస్టర్:
నీళ్లతోని కాదు బాబూ, రసి నీళ్ల లెక్క ఉండది, చిక్కగ ఉంటది. సీరంల పెట్టి చూసి చెప్పు.