ఒకే గ్రాఫిక్స్ కార్డు, రెండు ఓఎస్‌లు: వీఎంలు మార్చుకోవాలా, డ్యూయల్ బూటే మేలా?

కొత్తబోర్డు
హోస్ట్ (అసలు మెషీన్) లినక్స్, 64 జీబీ ర్యామ్. దాని లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు, అంటే వీఎంలు (గెస్ట్‌లు), రెండు. ప్రాసెసర్‌లోనే ఐజీపీయూ (గ్రాఫిక్స్ భాగం) ఉంది, విడిగా ఒక ఎన్విడియా కార్డు. ఆ కార్డును ఒకసారి లినక్స్ గెస్ట్‌కి, ఇంకోసారి విండోస్ గెస్ట్‌కి ఇవ్వాలి. ఒకదాన్ని నిద్రపుచ్చి రెండోదాన్ని లేపుదామని మేనేజ్డ్‌సేవ్ (వీఎం స్థితిని డిస్క్‌లో దాచే కమాండ్) కొడితే, హోస్ట్‌డెవ్ (హోస్ట్ నుంచి ఇచ్చిన అసలు పరికరం) ఉందంటూ ఎర్రర్. మారిన ప్రతిసారీ షట్‌డౌనేనా? ఆమాత్రానికి రెండు ఓఎస్‌లనూ నేరుగా మెషీన్ మీదే పెట్టి, ఆన్ చేసేటప్పుడు ఒకటి ఎంచుకునే డ్యూయల్ బూట్ పెట్టుకుంటే సరిపోదా?

బూట్‌మెనూ
సరిపోతుంది, అదే చేయండి. ఒక గెస్ట్ ఆగి ఇంకోటి లేచే మధ్యలో కార్డు శుభ్రంగా రీసెట్ కావాలి. ఈ పద్ధతంతా ఆ ఒక్క అడుగు మీదే నిలబడి ఉంది. ఏఎండీ పొలారిస్, వేగా, నవీ 10 కార్డులు మొదటి గెస్ట్‌లో చక్కగా నడుస్తాయి. రెండోసారి ఇచ్చేసరికి స్క్రీన్ నల్లగానే ఉండిపోతుంది, హోస్ట్‌ని రీబూట్ చేస్తే తప్ప దారికి రావు. ఎలాగూ రీబూటే అయితే ఇంత శ్రమ ఎందుకు?

వీఎఫ్ఐఓ_వాది
ఆయన అడిగింది ఎన్విడియా గురించి. మీరు చెబుతున్నది పాత ఏఎండీ కార్డుల జబ్బు. దానికీ ఆ రీసెట్ చేసిపెట్టే వెండర్-రీసెట్ అనే కెర్నల్ మాడ్యూల్ ఉంది. కాకపోతే కెర్నల్ 5.15 నుంచి ఆ కార్డు రీసెట్_మెథడ్ ఫైల్లో డివైస్_స్పెసిఫిక్ అని రాయాలి, లేకపోతే మాడ్యూల్ ఉన్నా లేనట్టే.

కొత్తబోర్డు గారూ, మేనేజ్డ్‌సేవ్ గెస్ట్ ర్యామ్‌నీ, ఎమ్యులేట్ చేసిన పరికరాల స్థితినీ ఫైల్లోకి దించుతుంది. అసలు కార్డులోని వీర్యామ్ (కార్డు సొంత మెమరీ), రిజిస్టర్లు వీఎంని నడిపే క్యూఈఎంయూ చేతికి అందవు. మెమరీతో కలిపి తీసే స్నాప్‌షాట్ కుదరనిదీ ఇందుకే. గెస్ట్ లోపలి నుంచి హైబర్నేట్ చేయండి. అప్పుడు ఆ బాధ్యత గెస్ట్‌లోని డ్రైవర్‌ది, లేచాక కార్డును అదే మళ్లీ మొదట్నుంచి సిద్ధం చేసుకుంటుంది. డొమైన్ ఎక్స్ఎంఎల్‌లో (వీఎం సెట్టింగుల ఫైలు) పీఎం విభాగం కింద సస్పెండ్-టు-డిస్క్‌కి 'యెస్' పెట్టండి. లినక్స్ గెస్ట్‌లో స్వాప్ (ర్యామ్‌ని దించే డిస్క్ చోటు) గెస్ట్ ర్యామ్ అంత ఉంచండి, రెజ్యూమ్ పారామీటర్ ఆ స్వాప్‌నే చూపాలి. ఎన్విడియా డ్రైవర్‌కి ప్రిజర్వ్-వీడియో-మెమరీ-అలొకేషన్స్ ఆప్షన్ 1 చేసి, హైబర్నేట్, రెజ్యూమ్ సర్వీసులు ఎనేబుల్ చేయాలి. వీర్యామ్‌ని డ్రైవర్ మామూలుగా టెంప్ డైరెక్టరీలోకి దించుతుంది. అది టీఎంపీఎఫ్ఎస్ అయితే ర్యామ్‌లోకే దించినట్టు, కాబట్టి తాత్కాలిక ఫైలు దారిని డిస్క్ మీదకి మార్చండి.

పిన్‌కౌంట్
ఆ కార్డులోదే 01:00.1 ఆడియో ఫంక్షన్‌ని కూడా ఇచ్చారా? కార్డుతో పాటు అదే ఐఓఎంఎంయూ గ్రూపులో (విడదీయకుండా కలిపి ఇవ్వాల్సిన పరికరాల గుంపు) ఉంటుంది. అది హోస్ట్ డ్రైవర్ దగ్గర మిగిలిపోతే గెస్ట్ మొదలే కాదు.

బూట్‌మెనూ
ర్యామ్ మాట ఎవరూ ఎత్తరేం? కార్డు ఏ మెమరీ పేజీకైనా డీఎంఏ చేయొచ్చు (ప్రాసెసర్‌తో పని లేకుండా నేరుగా చదవడం, రాయడం) కాబట్టి గెస్ట్ ర్యామ్ మొత్తం కదలకుండా పిన్ అయిపోతుంది. నడుస్తుండగా గెస్ట్ ర్యామ్‌ని తగ్గించి హోస్ట్‌కి ఇచ్చే బెలూనింగ్ పనికిరాదు. 1 జీబీ హ్యూజ్‌పేజీలు (పెద్ద మెమరీ పేజీలు) బూట్‌లో కేటాయిస్తే గెస్ట్ ఆగినా ఆ ర్యామ్ దానంతటది హోస్ట్‌కి తిరిగి రాదు. డ్యూయల్ బూట్‌లో 64 జీబీ మొత్తం ఓఎస్‌దే. పైగా రీసెట్ భయం లేదు.

వీఎఫ్ఐఓ_వాది
రెండు గెస్ట్‌లూ ఒకేసారి నడవవు కదండీ, ఒకే ర్యామ్ వంతులవారీగా వాడుకుంటాయి. 2 ఎంబీ పేజీలు తీసుకోండి. 48 జీబీకి 24,576 పేజీలు. వీఎంలను నడిపే లిబ్‌విర్ట్ హుక్‌లో (గెస్ట్ లేచేముందు, ఆగాక నడిచే స్క్రిప్ట్) ప్రిపేర్ దశలో ఆ సంఖ్య రాసి, రిలీజ్ దశలో సున్నా చేస్తే ర్యామ్ హోస్ట్‌కి వచ్చేస్తుంది. మెమరీ ముక్కలై ఉంటే లెక్క తగ్గుతుంది కాబట్టి ముందు కాంపాక్ట్_మెమరీకి 1 రాయండి, ఎన్ని దొరికాయో చూశాకే గెస్ట్‌ని లేపండి.

కొత్తబోర్డు
ఆడియో ఇచ్చాను. ఇప్పుడు డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్) 'బార్ 1 రిజర్వ్ చేయలేను' అని వరసగా వస్తోంది. స్క్రీన్ నలుపు.

బూట్‌మెనూ
చూశారా! నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇదే.

వీఎఫ్ఐఓ_వాది
ఇది రీసెట్ కాదు! బూట్ ఫ్రేమ్‌బఫర్ (బూట్ సమయంలో స్క్రీన్‌ని చూపేది) ఆ కార్డు మెమరీని, అంటే ఆ బార్‌ని, పట్టుకుని కూర్చుంది. బయోస్‌లో ప్రైమరీ డిస్‌ప్లేని ఐజీపీయూకి మార్చి, మానిటర్ కేబుల్ కూడా బోర్డు పోర్టుకి పెట్టండి. అప్పటికీ పోకపోతే కెర్నల్ లైన్‌లో ఇనిట్‌కాల్_బ్లాక్‌లిస్ట్‌కి సిస్‌ఎఫ్‌బీ_ఇనిట్ ఇవ్వండి. బూట్‌మెనూ గారూ, ఎర్రర్ చదవకుండానే తీర్పు చెబితే ఎలా?

బూట్‌మెనూ
ఎర్రర్ చదవడం నాకూ వచ్చు. ఇన్ని పొరలు పేర్చాక ఏ కెర్నల్ అప్‌డేట్ ఏ పొరని కూలుస్తుందో చూసుకుంటూ కూర్చోవాల్సింది ఆయనే, మీరు కాదు. కెర్నల్ స్థాయి యాంటీచీట్ (ఆటలో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్) ఉన్న కొన్ని ఆటలు వీఎం అని తెలిస్తే మొదలే కావు. హైపర్‌వైజర్‌ని (వీఎంని నడిపే పొర) దాచి ఆడితే ఖాతా పోయే ప్రమాదం. దానికి ఏ హుక్ రాస్తారు?

వీఎఫ్ఐఓ_వాది
ఏదీ రాయను. ఆ ఆటలకి వీఎం వద్దు, ఒప్పుకుంటాను. నా పట్టుదల ఆటల ఫ్రేమ్‌ల వేగం గురించి కాదు. నేరుగా బూట్ చేసిన విండోస్ చేతికి మెషీన్‌లోని ప్రతి డిస్కూ వెళ్తుంది. వీఎంలో ఇచ్చిన డిస్క్ తప్ప ఇంకోటి కనపడదు. కింద హోస్ట్‌లో బ్యాకప్ దాని పని అది చేసుకుపోతుంది. నాకు అదే ముఖ్యం.

బూట్‌మెనూ
ఆ ముక్క ముందే అనాల్సింది. విండోస్ మీద నమ్మకం లేకపోతే లినక్స్ డిస్క్‌ని లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేయండి, చదవలేదు.

వీఎఫ్ఐఓ_వాది
చదవలేదు, నిజమే. చెరపగలదు కదా! గుర్తుపట్టని డిస్క్ కనపడితే ఫార్మాట్ చేయమంటావా అని అడగొచ్చు. ఆ అవును ఒక్కటి చాలు. తాళాలుండే లక్స్ హెడర్ ఎన్‌క్రిప్ట్ చేసిన భాగం మొదట్లోనే ఉంటుంది, కాపీ లేకుండా అది పోతే పాస్‌ఫ్రేజ్ తెలిసినా డేటా రాదు.

బూట్‌మెనూ
హెడర్ బ్యాకప్ వేరే డిస్క్ మీద ఉంచుకోవడం ఎవరికైనా తప్పదు. ఆ భయానికి రోజూ వీఎం మోయమనడం మాత్రం నాకు సమ్మతం కాదు.

కొత్తబోర్డు
బయోస్‌లో మార్చాక ఆ ఎర్రర్ పోయింది, కార్డు రెండు గెస్ట్‌లకీ వెళ్తోంది. విండోస్ వేరే ఎన్‌వీఎంఈ డిస్క్ మీద ఉంది. ఆ డిస్క్‌నే పాస్‌త్రూ చేసి (నేరుగా వీఎంకి ఇచ్చి), ఆటలకి మాత్రం నేరుగా బూట్ చేయొచ్చా?

పిన్‌కౌంట్
చేయొచ్చు. ఎన్‌వీఎంఈ కంట్రోలర్‌ని పూర్తిగా ఇవ్వండి, దాని గ్రూపులో ఇంకేమీ లేకుండా చూసుకోండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే రికవరీ కీ దగ్గర పెట్టుకోండి, వీఎంలోని టీపీఎం (కీలు దాచే చిప్) వేరు కాబట్టి అడుగుతుంది. షట్‌డౌన్‌ని సగం హైబర్నేట్‌గా మార్చే ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అన్నిటికన్నా ముఖ్యం, పైన చెప్పిన హైబర్నేట్ ఈ విండోస్‌కి వాడకండి. వీఎంలో హైబర్నేట్ అయిన విండోస్‌ని నేరుగా బూట్ చేస్తే, అది నిద్రపోయినప్పటి హార్డ్‌వేర్ అక్కడ ఉండదు. ఆ డిస్క్ మీద ప్రతిసారీ పూర్తి షట్‌డౌనే. హైబర్నేట్ లినక్స్ గెస్ట్‌కి మాత్రమే ఉంచుకోండి.