మెట్లు ఇంటి మధ్యలో ఉంచాలా, పక్క గోడకు జరపాలా?

రెండంతస్తుల ఇంటికి ప్లాను నేనే గీసుకుంటున్నాను. చివరికి ఇంజనీరుకు చూపిస్తాను. కానీ ముందు నాకేం కావాలో నాకు స్పష్టంగా తెలియాలి కదా.

గదుల కూర్పు చాలావరకు కుదిరింది. వంటగదిని ఆనుకుని భోజనాల చోటు, కింది స్నానాల గదికి సరిగ్గా పైనే రెండోది. నీటి గొట్టాలన్నీ ఒకే గోడ వెంట వెళతాయి. చిక్కంతా మెట్ల దగ్గరే.

మధ్యలో పెడితే పై గదులన్నింటికీ నడక తగ్గుతుంది, పొడవైన నడవా అక్కర్లేదు. కానీ అక్కడికి వెలుతురు ఎలా వస్తుంది? పక్క గోడకు జరిపితే మంచి కిటికీ పెట్టుకోవచ్చు. అప్పుడు పైన ఒక చిన్న గదంత చోటు నడవాకే పోతోంది. ఎన్నిసార్లు గీసినా ఇంతే.

ఇంకో సందేహం. అంతస్తు ఎత్తు 3 మీటర్లు. మెట్టు 150 మి.మీ. ఎత్తు, అడుగు పెట్టే చోటు 300 మి.మీ. వెడల్పు అయితే 20 ఎత్తులు కావాలి. సగంలో వెనక్కి తిరిగే మలుపుకు 1 మీటరు వదిలితే, ఒక్కో వైపు 9 వెడల్పులతో (పదో ఎత్తు నేరుగా మలుపు మీదికే) మొత్తం పొడవు 3.7 మీటర్లు. అదే 167, 270 చొప్పున 18 ఎత్తులైతే 3.16 మీటర్లే. రెండు ఎత్తులు, ఒక వెడల్పు కలిపితే 600 మి.మీ.కు అటూ ఇటూ ఉండాలన్న లెక్కకు రెండూ సరిపోతున్నాయి. అయితే మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె రోజూ పైకి రావాలన్నదే నా కోరిక.

167 మి.మీ. ఎత్తు మెట్లు పెద్దవాళ్లకు నిజంగా కష్టమవుతాయా? అలాంటి ఇంట్లో ఉంటున్నవారు దయచేసి చెప్పండి. మధ్యలో మెట్లున్నవారు పైకప్పు నుంచి వెలుతురు తెచ్చుకున్నారా? వాన నీరు కారకుండా ఏం చేశారు?