అడ్వెంట్ అంటే సెమీ క్రిస్మస్‌లేనా? మా యూత్‌కు జర సలహా ఇయ్యండి

హన్మకొండ యూత్:
అందరికీ వందనాలు. మాది చిన్న సంఘం. డిసెంబర్ వచ్చిందంటే స్టార్లు కట్టుడు, క్యారల్స్ రౌండ్లు, సెమీ క్రిస్మస్, కేక్ కటింగ్, ఇగ 25 దాకా తీరిక ఉండది. మొన్న పాస్టర్ గారు క్రిస్మస్‌కు ముందటి నాలుగు వారాలు అడ్వెంట్, ఇది ఎదురుచూసే కాలం, దిక్కులేనోళ్లను యాది చేసుకోవాలె అని వాక్యం చెప్పిండ్రు. మా యూత్‌ల ఒకరు వెంటనే వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖాన ముందట దుప్పట్లు పంచుదాం, బ్యానర్ కొట్టిద్దాం అన్నరు. నాకు మనసొప్పుతలేదు, ఒక ముసలామె చేతుల దుప్పటి పెట్టి చుట్టూ పదిమంది ఫోటో దిగుడు ఏం బాగుంటది? అసలు ఎదురుచూసుడుకూ పంచుడుకూ సంబంధం ఏంది?

కాజీపేట అన్న:
తమ్మీ, మేం క్యాథలిక్కులం, ఫాతిమానగర్ కతీడ్రల్‌కు పోతం. మాకు ఆ నాలుగు వారాలు ఫాదర్ గారు ఊదారంగు వస్త్రాలు వేసుకుంటరు, ఆదివారానికొక కొవ్వొత్తి ముట్టిస్తం. ఆ కొవ్వొత్తుల చక్రం మొదలైంది జర్మనీల. హాంబర్గ్‌ల యోహాన్ విఖెర్న్ అనే ఆయన 1833ల పేద పిల్లల కోసం ఒక ఇల్లు పెట్టిండు, పిల్లలు క్రిస్మస్ ఎప్పుడొస్తది ఎప్పుడొస్తది అని పానం తీస్తుంటే 1839ల ఒక బండి చక్రం మీద ఆదివారాలకు పెద్దవి, మిగతా రోజులకు చిన్నవి కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి ముట్టించిండట. మనం ఇప్పుడు ఆన్‌లైన్‌ల ఆర్డర్ పెట్టుకుంటున్నం, అది వేరే ముచ్చట.

జనగామ బ్రదర్:
సేవ మంచిదే, కాదంటలేను. కానీ అడ్వెంట్ అంటే ముందు మారుమనస్సు, ప్రార్థన. దుప్పట్లు పంచుడు క్లబ్బులోళ్లు కూడా చేస్తరు.

నిజామాబాద్ టీచర్:
బ్రదర్, బాప్తిస్మమిచ్చే యోహాను చెప్పింది కూడా మారుమనస్సే గదా. మరి మేం ఏం చెయ్యాలె అని జనం అడిగితే (లూకా 3) రెండు అంగీలున్నోడు లేనోనికి ఒకటియ్యమన్నడు, సుంకరులను ఎక్కువ వసూలు చెయ్యద్దన్నడు, సిపాయిలను ఎవర్నీ బెదిరించి గుంజుకోవద్దన్నడు. ఉపవాసం సంగతి అక్కడ ఎత్తనే లేదు! అదే యోహాను తర్వాత జైల్ల పడి, రావల్సినోడివి నువ్వేనా లేకుంటే ఇంకొకరి కోసం చూడాల్నా అని శిష్యులతోని అడిగిపిస్తే (మత్తయి 11) యేసు నేనే అని సూటిగ అనలే. గుడ్డోళ్లు చూస్తున్నరు, కుంటోళ్లు నడుస్తున్నరు, కుష్ఠు ఉన్నోళ్లు బాగైతున్నరు, పేదోళ్లకు సువార్త అందుతున్నది, పోయి చెప్పుండ్రి అన్నడు. ఎదురుచూసేటోనికి ఆయన చూపెట్టిన గుర్తులు అవే, ఇంక సంబంధం ఏందని అడుగుడెందుకు? మా దిక్కు డిచ్‌పల్లి దవాఖాన ఉన్నది, ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరమ్మ 1915ల కుష్ఠు రోగుల కోసం పెట్టింది, దానికి పెద్ద మొత్తం ఇచ్చింది రాజా నర్సాగౌడ్ అనే హిందూ పెద్దమనిషి.

వరంగల్ నర్సు:
దవాఖానల పనిచేసే మనిషిగ చెప్తున్న. దుప్పట్లు డిసెంబర్‌ల మస్తు మంది తెస్తరు, జనవరి సలికి ఎవ్వరూ రారు. ములుగు, భూపాలపల్లి దిక్కు నుంచి వచ్చినోళ్లకు స్కానింగ్ ఎక్కడనో తెల్వది, ఆరోగ్యశ్రీ కాయితం మీద ఏం రాసి ఉన్నదో తెల్వది, ఎక్స్‌రే కవర్ తలకింద పెట్టుకొని వరండల పంటరు, ఎవరన్న ఎత్తుకపోతరని భయం. పేషెంట్ దగ్గర ఒక గంట మీరు కూసుంటే ఆ అటెండర్ పోయి తానం చేసి ఇంత తిని వస్తడు, ఒక్కడే వచ్చినోనికి అదెంత ఆసరనో మీకు ఎరుక లేదు. పేషెంట్లకు మాత్రం డాక్టర్‌ను అడగకుంట తినేటివి ఇయ్యకుండ్రి, షుగరోళ్లకు కేకులు పెట్టిపోతరు.

హన్మకొండ యూత్:
థ్యాంక్స్ అక్కా. బ్యానర్ వద్దని గ్రూప్‌ల పెట్టిన, ఇద్దరు అలిగిండ్రు, సూద్దాం. ఇద్దరిద్దరం చొప్పున రావాలంటే పర్మిషన్ ఎవర్ని అడగాలె?

వరంగల్ నర్సు:
సూపరింటెండెంట్ ఆఫీసుల పాస్టర్ గారి లెటర్ ఇయ్యండి, పేర్లు ఫోన్ నంబర్లు రాసి. డిసెంబర్‌తోని ఆపం, జనవరి ఫిబ్రవరి కూడా వస్తం అని అండ్లనే రాయుండ్రి.