సోలార్ ప్యానెళ్ల వాలు: ఏడాదికి రెండుసార్లు మార్చాలా, ఒకసారి బిగించి వదిలేయాలా?

ఎండలెక్క

ప్యానెళ్లు పెట్టుకుందామని అడిగితే చాలు, రెండు వర్గాలు మీద పడిపోతున్నాయి. చలికాలానికి ఒక వాలు, ఎండాకాలానికి ఒక వాలు పెట్టకపోతే కరెంటు నేలపాలు చేసుకున్నట్టే అని ఒకరు. అక్షాంశం ఎంతో వాలు అంత పెట్టి, ఆ నట్లు మళ్లీ ముట్టుకోవద్దని ఇంకొకరు. వాలు మార్చే స్టాండ్లు మామూలు వాటికంటే ఖరీదు. ఆ ఖర్చుకూ, ఏటా పైకెక్కే శ్రమకూ తగిన ఫలితం ఉంటుందా? దయచేసి అంకెలతో చెప్పండి. అందరం ఉత్తరార్ధగోళం, ప్యానెళ్లు దక్షిణం ముఖంగా ఉన్నాయి, వాలు నేలబారు నుంచి కొలిచేది అనుకునే మాట్లాడుకుందాం. దక్షిణార్ధగోళం వాళ్లు దిక్కులూ నెలలూ తిప్పి చదువుకోవచ్చు.

నిచ్చెనవీరుడు

ఇందులో సందేహం ఎందుకండీ? 40 అక్షాంశం తీసుకోండి. డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు 26.6 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. జూన్ 21న 73.4. అంటే ఆరు నెలల్లో 47 డిగ్రీల తేడా. ఎండ ప్యానెల్‌కు నిటారుగా తగలాలంటే డిసెంబరులో 63 డిగ్రీల వాలు కావాలి, జూన్‌లో 17 చాలు. మధ్యలో ఎక్కడో 33 దగ్గర బిగించేస్తే రెండు కాలాలకూ అన్యాయం చేసినట్టే.

బిగించేశా

ఆ అన్యాయం ఎంతో కూడా చెప్పాలి కదా. కోణం తప్పడం వల్ల పోయేది కోసైన్ లెక్కన పోతుంది. 10 డిగ్రీలు తప్పితే ఒకటిన్నర శాతం, 20 తప్పితే 6, 30 తప్పితే 13. మీ ఉదాహరణలోనే 33 వాలు పెట్టినవాడికి డిసెంబరు 21 మధ్యాహ్నం పోయేది 13 శాతం, జూన్ 21న 4. ఇవి ఏడాదిలో కోణం అన్నిటికంటే ఎక్కువగా తప్పే రోజులు. మార్చి, సెప్టెంబరు 21 ప్రాంతంలో నష్టం ఒక శాతం కూడా ఉండదు.

ఏడాది మొత్తానికి చూస్తే, ఆకాశం ఎప్పుడూ నిర్మలంగా ఉంటుందనుకుని వేసిన లెక్కల్లోనే, ఆ అక్షాంశంలో రెండుసార్లు మార్చినందుకు వచ్చేది సుమారు 5 శాతం. నాలుగుసార్లు మారిస్తే ఆ పైన ఒక శాతం లోపే. 10 ప్యానెళ్లున్నవాళ్లకు 5 శాతం అంటే అర ప్యానెల్. జాగా ఉంటే ఇంకో ప్యానెల్ పెట్టుకోండి, అది ఎండకూ చలికీ రెండింటికీ పనిచేస్తుంది. కదిపే సరదా అంతగా ఉంటే రోజూ తూర్పు నుంచి పడమరకు తిరిగే ట్రాకర్ గురించి ఆలోచించండి. సూర్యుడు ఆరు నెలల్లో జరిగే దూరం కంటే ఒక్క రోజులో తిరిగే దూరం చాలా ఎక్కువ. లాభం కూడా అక్కడే ఎక్కువ.

మబ్బుచాటు

ఇద్దరూ నేరుగా పడే ఎండ ఒక్కదాన్నే లెక్కేస్తున్నారు. ప్యానెల్‌కు అందేదాంట్లో గాలిలో, మబ్బుల్లో చెదిరి ఆకాశం నలుమూలల నుంచీ వచ్చే వెలుతురు కూడా ఉంటుంది. పూర్తిగా మబ్బు పట్టిన రోజు ఉండేదల్లా అదే. దానికి సూర్యుడు ఎక్కడున్నాడన్నది పెద్ద విషయం కాదు, ప్యానెల్‌కు ఎంత ఆకాశం కనిపిస్తోందన్నదే ముఖ్యం. నేలబారుగా పరిచిన ప్యానెల్‌కు ఆకాశమంతా కనిపిస్తుంది. 30 డిగ్రీల వాలుకు 93 శాతం, 60 డిగ్రీలకు 75 శాతం. అంటే డిసెంబరు కోసమని 63కు ఎత్తిపెట్టిన ప్యానెల్, ఆ డిసెంబరు మబ్బుతోనే గడిచిపోతే, తక్కువ వాలు ప్యానెల్ కంటే తక్కువ ఇస్తుంది.

అందుకే అక్షాంశమే వాలు అనే మాట చాలాచోట్ల నప్పదు. 25 నుంచి 50 అక్షాంశాల మధ్య ఒక బండసూత్రం ఉంది: అక్షాంశాన్ని 0.76తో గుణించి 3.1 కలపాలి. 40కి 33.5 వస్తుంది, పైన ఇద్దరూ వాడిన అంకె అదే. 50కి 41 వస్తుంది. కానీ చలికాలమంతా మబ్బు పట్టి ఉండే 50 అక్షాంశపు ఊళ్లో అసలు వాతావరణంతో లెక్కేస్తే 35, 38 మధ్యకు దిగుతుంది. అక్కడ ఏడాది కరెంటులో సింహభాగం ఎండాకాలానిదే, కాబట్టి వాలూ అటే మొగ్గుతుంది.

వానాకాలం నడివేసవి తర్వాత మొదలయ్యే ఉష్ణమండలపు ఊళ్లలో ఇది తిరగబడుతుంది. సూర్యుడు నడినెత్తిన ఉండే నెలలే మబ్బుల నెలలు. మంచి ఎండ కాసేది చలికాలంలో, ఆ తర్వాతి నెలల్లో. అలాంటి చోట ఏడాది మొత్తానికి మేలైన వాలు అక్షాంశం కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే రావచ్చు.

నిచ్చెనవీరుడు

మబ్బుచాటు గారి మాట కాదనను. కానీ బిగించేశా గారి 5 శాతం మీద నాకు పేచీ ఉంది. అది 12 నెలలకూ సమంగా పంచిన సగటు. నాకు కరెంటు చాలనిది డిసెంబరు, జనవరిల్లో. ఆ నెలల్లో వచ్చే 10 శాతానికీ, జూన్‌లో వచ్చే 10 శాతానికీ నా దృష్టిలో ఒకే విలువ కాదు.

పాతబ్యాటరీ

అసలు సంగతి ఇప్పుడు బయటికొచ్చింది. "మంచి వాలు ఎంత" అని అడిగేముందు "దేనికి మంచిది" అని అడగాలి. ఏడాది మొత్తం యూనిట్లా, కష్టమైన నెలలో వచ్చే యూనిట్లా?

గ్రిడ్‌కు కలిపి, మిగిలినది పంపి తర్వాత అంతే తిరిగి వాడుకునే వెసులుబాటు ఉన్నవాళ్లకు ఏ నెలలో వచ్చినా యూనిట్ యూనిటే. వాళ్లకు ఏడాది మొత్తం ముఖ్యం. ఆ మొత్తం గీసి చూస్తే మేలైన వాలు దగ్గర దాదాపు చదునుగా ఉంటుంది. అటో ఇటో పది డిగ్రీలు జరిగితే పోయేది ఒకటి రెండు శాతం. ఇంటి కప్పు వాలు 25 ఉండి, లెక్క 33 చెప్పిందని స్టాండ్లు ఎత్తించుకోవడం వృథా.

గ్రిడ్ లేకుండా బ్యాటరీ మీద బతికేవాళ్ల లెక్క పూర్తిగా వేరు. ఎండాకాలంలో మధ్యాహ్నానికే బ్యాటరీ నిండిపోతుంది. ఆ తర్వాత బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే ఛార్జ్ కంట్రోలర్ కరెంటు తీసుకోదు. అంటే జూన్‌లో మీరు పెంచుకున్న ప్రతి యూనిట్ గాలికే. కాబట్టి చలికాలానికి సరిపడా వాలు, అంటే 40 అక్షాంశంలో 55 దగ్గర, పెట్టేసి అలాగే వదిలేయడం మేలు. జూన్ మధ్యాహ్నం ఆ వాలుకు 22 శాతం దాకా పోతుంది. పొద్దున్నే, సాయంత్రం సూర్యుడు ప్యానెల్ వీపు వైపు ఉంటాడు, ఎందుకంటే ఆ నెలల్లో పొద్దు పొడిచేది తూర్పుకు ఉత్తరంగా, కుంకేది పడమరకు ఉత్తరంగా. పోనివ్వండి. వద్దన్నా మిగిలే కాలం అది. మంచు పడే చోట ఇంకో లాభం, అంత ఏటవాలుగా ఉన్న ప్యానెల్ మీద మంచు నిలవదు. కింద పరుచుకున్న మంచు తెలుపు నుంచి తిరిగొచ్చే వెలుతురూ కొంత కలిసొస్తుంది.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. వాలు మార్చి రోజును పొడిగించలేం. 50 అక్షాంశంలో డిసెంబరు పగలు 8 గంటలు, జూన్ పగలు 16 గంటల పైన. ఆ డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడి ఎత్తు 16.6 డిగ్రీలే. నడినెత్తిన ఉన్నప్పటితో పోలిస్తే ఎండ మూడున్నర రెట్లు మందమైన గాలిపొర దాటి రావాలి. భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది జనవరి మొదట్లోనే, దాంతో వాతావరణం పైన పడే ఎండ జూలై కంటే దాదాపు 7 శాతం ఎక్కువ. అయినా చలికాలపు కొరత ముందు అది ఏ మూలకూ చాలదు.

బిగించేశా

పాతబ్యాటరీ గారు కూడా చివరికి "బిగించి వదిలేయండి" అనే తేల్చారు, అంకె మాత్రమే వేరు. గమనించగలరు :)

వాలు పెంచేవాళ్లు నీడ సంగతి ఎత్తడం లేదు. 2 మీటర్ల ప్యానెల్‌ను 60 డిగ్రీలకు లేపితే దాని పై అంచు 1.7 మీటర్ల ఎత్తుకు వెళ్తుంది. 40 అక్షాంశంలో డిసెంబరు మధ్యాహ్నం దాని నీడ వెనక్కు మూడున్నర మీటర్లు పడుతుంది. పొద్దున్నా సాయంత్రం ఇంకా దూరం. అదే ప్యానెల్ 15 డిగ్రీల్లో ఉంటే నీడ ఒక మీటరే. పాతరకం ప్యానెల్‌ను పొడవు వైపు కింది నుంచి పైకి వచ్చేలా బిగించి ఉంటే, కింది వరుస సెల్స్ మీద నీడ పడితే చాలు, మొత్తం ప్యానెల్ పడుకుంటుంది. సెల్స్‌ను సగానికి కోసి పై సగం, కింది సగం విడిగా కలిపిన హాఫ్‌కట్ రకమైతే పై సగం పనిచేస్తుంది. చదును కప్పు మీద నాలుగు వరుసలు పట్టే చోట వాలు కోసమని రెండు వరుసలతో సరిపెట్టుకుంటే లాభమెక్కడ? పైగా గాలి. ఎత్తిన ప్యానెల్ గాలికి తెరచాప.

ఎండలెక్క

15 అక్షాంశం లాంటి చోట ఎలా? అక్కడ జూన్‌లో సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి వెళ్తాడు కదా. అంటే ప్యానెల్‌ను ఉత్తరానికి వంచాలా?

మబ్బుచాటు

కాగితం మీద అవును. జూన్ 21 మధ్యాహ్నానికి ఉత్తరం వైపు 8 డిగ్రీల వాలు సరైనది. కానీ నేలబారుగా ఉంచినా ఆ పూట పోయేది ఒక్క శాతమే కాబట్టి ఎవరూ అంత దూరం వెళ్లరు. నేలబారుగా ఉంచితే దుమ్ము పేరుకుంటుంది, వాననీరు ఫ్రేము అంచున నిలిచి మట్టి చారలు కడుతుంది. వాన దానంతటదే కడిగేయాలంటే కనీసం 10 డిగ్రీల వాలు ఉండాలి. దుమ్ము ఎక్కువున్న చోట శుభ్రం చేయకపోతే పోయే కరెంటు ముందు ఈ వాలు గొడవ చాలా చిన్నది.

అక్కడ డిసెంబరుకు 38 కావాలి, 15 పెట్టి ఉంచితే మధ్యాహ్నం 8 శాతం పోతుంది. కానీ పగలు 11 గంటలుంటుంది, జూన్‌లో 13. పెద్ద తేడా లేదు. ఇంకో సంగతి, వేడి. ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు సెల్ 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచినవి. వేసవిలో సెల్ 60కి చేరుతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున 12 శాతం అక్కడే పోయింది. అందుకే వేడి ప్రాంతాల్లో చాలాసార్లు నడివేసవి కంటే దాని ముందు నెలలే ఎక్కువ ఇస్తాయి. మీటరు చూసి వాలు తప్పిందని టెన్షన్ పడేవాళ్లలో కొందరి సమస్య నిజానికి ఇదే.

మీ చోటుకు సరైన అంకె కావాలంటే మా మాటలు పక్కనపెట్టి సోలార్ కరెంటు ఎంత వస్తుందో లెక్కగట్టే వెబ్‌సైట్లు పీవీజీఐఎస్‌లో గానీ పీవీవాట్స్‌లో గానీ చూడండి. రెండూ ఉచితం. మొదటిది యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రానిది, రెండోది అమెరికా ప్రభుత్వ ప్రయోగశాల తయారుచేసింది. పీవీజీఐఎస్‌కు చోటు చూపిస్తే మేలైన వాలు అదే చెప్తుంది. నెలవారీ పట్టిక కూడా వస్తుంది, చూడాల్సింది దాన్ని. వాలు 15, 25, 35 మార్చి మూడుసార్లు నడిపి, మీకు కరెంటు చాలని నెల వరుస ఒక్కటి పక్కపక్కన పెట్టుకోండి.

కొత్తగాచేరా

మధ్యలో వస్తున్నందుకు సారీ. మా కప్పు సరిగ్గా దక్షిణానికి లేదు, 20 డిగ్రీలు పడమరకు తిరిగి ఉంది. వాలుతో సరిచేయొచ్చా?

బిగించేశా

వాలుతో సరికాదు, సరిచేయాల్సినంత నష్టమూ లేదు. రెండు మూడు శాతం మించదు. సాయంత్రం వాడకం ఎక్కువైతే కలిసొచ్చినా రావచ్చు. దిక్కు చూసేటప్పుడు ఫోన్ దిక్సూచి అయస్కాంత దక్షిణం చూపిస్తోందా, అసలు దక్షిణమా అన్నది మాత్రం సరిచూసుకోండి.

నిచ్చెనవీరుడు

కప్పు మీద, గ్రిడ్‌కు కలిపినవాళ్ల విషయంలో ఇంక వాదించను. ఇన్వర్టర్ కంటే ప్యానెళ్ల వాట్లు ఎక్కువ పెట్టినవాళ్లకు జూన్ మధ్యాహ్నం ఇన్వర్టర్ పరిమితి దాటి వచ్చేది ఎలాగూ కోసుకుపోతుంది, వాళ్లు ఎండాకాలపు వాలు కోసం పాకులాడటంలో అర్థం లేదు. కానీ నేల మీద, చేతికందే ఎత్తులో, నాలుగైదు ప్యానెళ్లతో బ్యాటరీ నింపుకునేవాళ్ల సంగతి వేరు. అక్కడ నిచ్చెన అక్కర్లేదు, రెండు పిన్నులు తీసి పెట్టడమే. ఎండాకాలంలోనూ నీళ్ల పంపు, ఫ్రిజ్ నడిపి కరెంటంతా వాడేస్తుంటే 5 శాతాన్ని ఎందుకు వదులుకోవాలి?

పాతబ్యాటరీ

ఒప్పుకుంటాను. అయితే మార్చే తేదీలు చాలామంది తప్పు పెట్టుకుంటారు. జూన్ 21న, డిసెంబరు 21న మారుస్తారు. అప్పటికి సగం కాలం అయిపోయి ఉంటుంది. మార్చి చివర్లో దించి, సెప్టెంబరు రెండో వారంలో ఎత్తాలి. 40 అక్షాంశంలో దించినప్పుడు 16, ఎత్తినప్పుడు 54 దగ్గర పెట్టండి. ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే పట్టించుకోవద్దు. పిన్ను తీసేముందు డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటును తెంచే స్విచ్) ఆపండి, ఎత్తాక కేబుల్ లాగినట్టు బిగుసుకుపోలేదని చూసుకోండి. గాలి వీస్తున్న రోజు ఆ పని పెట్టుకోవద్దు, రెండో మనిషి లేకుండా అసలే వద్దు.