రూట్ కెనాల్ చేసిన పన్ను వేరు చీలిందంటున్నారు, తీయించేయాలా?

అమ్మకు ఆరేళ్ల క్రితం కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేసి, వేరు లోపల మెటల్ పోస్టు (క్యాప్‌కు ఆధారంగా సన్నటి కడ్డీ) పెట్టి క్యాప్ వేశారు. నెల నుంచి అక్కడ చిగురు మీద చిన్న పొక్కు. నొక్కితే చీము వస్తుంది, రెండ్రోజులకు మళ్లీ ఉబ్బుతుంది. డాక్టరు గారు సన్నటి పరికరంతో చిగురు లోతు కొలిస్తే చుట్టూ 3 మిల్లీమీటర్లే, ఒక్కచోట మాత్రం 9 దిగింది. వేరు నిలువునా చీలి ఉంటుంది, తీసేద్దాం అన్నారు. ఎక్స్‌రేలో గీత కనపడలేదు. సీబీసీటీ (పళ్ల 3డీ ఎక్స్‌రే) స్కాన్‌లోనూ మెటల్ నీడల వల్ల పొరపాటు పడొచ్చట.

తీసేశాక చీలిక లేదని తేలితే మళ్లీ పెట్టలేం కదా, అదే నా టెన్షన్. చిగురు తెరిచి, రంగు పూసి, మైక్రోస్కోప్‌తో వేరును నేరుగా చూపించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? అమ్మకు నిద్రలో పళ్లు కొరికే అలవాటుంది. పక్క పన్నుకూ రూట్ కెనాల్ అయింది, దాన్నయినా ఎలా కాపాడుకోవాలో దయచేసి చెప్పండి.